దుప్పటి రెండో కొన

స్త్రీల జైలు,
వెనక వరస గది.

వదినా,

నన్ను పిడికిలమ్మ అంటారు. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో తెలిసిన మా అమ్మ ఇప్పుడు లేదు. ఒళ్లు వంగేదాకా ఆసుపత్రి లాండ్రీలో బట్టలు ఉతికాను. మొగుడు పోయి చాలా కాలమైంది. ఇంట్లో నేనూ, మొన్నటిదాకా అత్తారింట ఉండి ఇప్పుడు తలకి కట్టుతో నా మంచం మీద పడుకున్న నా కూతురూ. చదువు రాదు. నేను చెబుతుంటే పక్క చాప మీది టీచరమ్మ రాస్తోంది.

ఇందులో నీకు తెలియనిది ఒక్కటీ లేదని నాకూ తెలుసు. కానీ ఇక్కడినుంచి పోయే ఏ ఉత్తరమైనా ఇలాగే మొదలవ్వాలట. చివర వేలిముద్ర, ఇద్దరు సాక్షులు ఉండాలట. గేటు దగ్గర ఒక ఆవిడ చదివాకే అంటిస్తుందట. చదవనీ. నేను చెప్పేది ఎంతమంది వింటే అంత మంచిది.

నీ చిన్నకొడుకుని చంపింది నేను. నేనొక్కదాన్నే. ఆ సమయానికి నువ్వు ముళ్లమొక్కల గదిలో ఉన్నావు, మన లాండ్రీ ఇస్త్రీ అక్కతో. అక్కడ లేవు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. శ్రద్ధగా విను. ఎవరైనా అడిగితే తడబడకుండా ఉంటావు.

తోటకి పోదామన్నది నేనే. బొటానికల్ గార్డెన్ అని పెద్ద పేరు, మనకి తోట. నా కూతురు నీ కొడుకుతో ఇక కాపురం చెయ్యనని చెప్పదలుచుకుంది. ఇంట్లో చెబితే గోడలు వింటాయి, గోడలు సాక్ష్యానికి రావు. జనం మధ్య చెబితే వాడు చెయ్యి లేపడనుకున్నాను. అందుకే లాండ్రీ స్నేహితులం ముగ్గురం సరదాగా పోతున్నాం, నీ పెళ్లాన్నీ ఎక్కించుకుని వ్యానులో దింపరా నాయనా అని వాణ్ణే అడిగాం. వాడూ నవ్వుతూ తోలాడు. దారి పొడుగునా నీ భుజం మీద చెయ్యేసి పాటలు పెట్టాడు. అదీ చెబుతాను, నాకు దాపరికం లేదు.

పొద్దునంతా ఎంత బాగా గడిచిందో గుర్తుందా. చెట్టు చెట్టుకీ పేరు రాసిన రేకు ముక్క కొట్టారు. నువ్వు చదువుతుంటే నోరు తిరగక ముగ్గురం నవ్వాం. ఇస్త్రీ అక్క, "మనకీ అలాంటి రేకు ఒకటి కొట్టి ఉంటే లాండ్రీ మేస్త్రీ ఏయ్ ఏయ్ అని పిలిచేవాడు కాదు" అంది. ఆ అద్దాల మేడలోకి అడుగుపెట్టగానే ఆవిరి మొహాన కొట్టింది, అచ్చంగా మన బాయిలరు గది. "దీనికా వదినా టిక్కెట్టు? మనకి జీతమిచ్చి మరీ చూపించేవాళ్లే" అన్నావు. లోపల పెద్ద నీళ్ల తొట్టె, అందులో మంచమంత ఆకులు, అంచులు పైకి మడిచి. పసిపిల్లని పడుకోబెట్టినా మునగదట ఆకు. నువ్వు చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డావు.

భోజనాలకి పచ్చిక మీద మన ఆసుపత్రి దుప్పటి పరిచాం. నా కూతురు ముద్ద కలిపి, తినకుండానే చెప్పింది. "నేనిక ఆ ఇంటికి రాను. ఇటునుంచి ఇటే అమ్మతో పోతాను." వాడు చెయ్యి కడుక్కున్నాడు, మూతి తుడుచుకున్నాడు. "సరే, పోదువుగానీ. ముందు ఆ పెద్ద ఆకులు ఇంకోసారి చూసొద్దాం రా" అని మణికట్టు పట్టుకుని లేపాడు. పట్టుకున్నచోట దాని చర్మం తెల్లబడింది. నేను లేవబోయేంతలో పచ్చికలోని నీళ్ల గొట్టాలు ఒక్కసారిగా చిమ్మాయి. జనం కేరింతలు కొడుతూ చెట్ల కిందికి పరిగెత్తారు. దుప్పటి ముద్దయింది. నువ్వూ ఇస్త్రీ అక్కా తడవకుండా ముళ్లమొక్కల గదిలోకి పోయారు. మళ్లీ చెబుతున్నాను, ముళ్లమొక్కల గదిలోకి. దుప్పటి పిండి ఆరేద్దామని నేనొక్కదాన్నే దాన్ని చంకన పెట్టుకుని అద్దాల మేడలోకి పోయాను.

లోపల వాళ్లిద్దరే ఉన్నారు. వాడు తొట్టె గట్టుకి మోకాళ్లు ఆనించి వంగి ఉన్నాడు. ముందు చేపల్ని చూస్తున్నాడనుకున్నాను. పిల్ల జుట్టు వాడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. తల నీళ్లలో ఉంది. కాళ్లు గచ్చుని తన్నుతున్నాయి. వాడు అరవడం లేదు వదినా, లాలించినట్టు అడుగుతున్నాడు. "ఎక్కడికి పోతావు? చెప్పు. ఎక్కడికి?" జవాబు కోసం తల పైకి లాగేవాడు. అది నోరు తెరిచి గాలి అందుకునేలోపు మళ్లీ ముంచేవాడు. ఒక ఆకు చీలిపోయి ఎర్రటి నీళ్లలో తిరుగుతోంది.

తిట్టాను. నడుం మీద గుద్దాను. నా గుద్దుకి ఒకప్పుడు మేస్త్రీ దవడ పక్కకి తిరిగింది, ఈ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు రాతిని గుద్దినట్టయింది. వాడు చూడకుండానే మోచేత్తో వెనక్కి కొట్టాడు. నా పైపళ్లు రెండు తొట్టెలో పడ్డాయి. చేపలకి పనికొస్తే ఉంచుకోమను.

అప్పుడు తడి దుప్పటిని తాడులా మెలేసి వాడి మెడకి వేశాను. రెండు కొనలూ నా పిడికిళ్లలోనే ఉన్నాయి. మోకాలు వీపుకి ఆనించి తిప్పాను. జుట్టు వదులుతాడనుకున్నాను. వదిలేసరికి ఇక వాడిలో ఏమీ లేదు.

పిల్లని బయటికి లాగితే నోటినుంచి నీళ్లూ నెత్తురూ వచ్చాయి. నెత్తి మీద అరచేయంత మేర చర్మం ఊడి జుట్టుతో సహా వాడి మణికట్టుకే ఉండిపోయింది. దానికి స్పృహ లేదు, ఏమీ చూడలేదు. కాబట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు.

వాడు నీ కడుపున పుట్టినవాడు. మాసిన బట్టల మూటల మీద పడుకోబెట్టి మనిద్దరం పెంచినవాడు. నన్ను తిట్టు, నీకా హక్కుంది. ఎక్కడ ఉన్నావన్నది మాత్రం మర్చిపోకు.

పిడికిలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: రాసిన టీచరమ్మ, గది కాపలా తాళాలమ్మ.


పెద్దవాడి ఇల్లు,
మేడ మీది గది.

పిడికిలమ్మకి,

నీ ఉత్తరం మా పెద్దవాడు చదివి తర్వాత నా చేతికిచ్చాడు. ఇది రాస్తుంటే కూడా పక్కనే ఉన్నాడు.

ఇక మీదట నన్ను వదినా అనకు. వియ్యమందిన రోజే మన స్నేహానికి చీడ పట్టింది. ఆలుమగలన్నాక గొడవలు ఉంటాయి. మాట్లాడి సర్దాల్సిన పెద్దదానివి, నా కొడుకు గొంతు నులిమావు. నీలాంటిదాన్ని తిండి పెట్టి మేపడం కూడా దండగ. నీకు ఏ శిక్ష పడినా చూడటానికి నేను వస్తాను.

నేను ముళ్లమొక్కల గదిలోనే ఉన్నాను. నాకేమీ తెలియదు. కేసు చూసే అధికారి వచ్చి అడిగితే అదే చెప్పాను.

మళ్లీ రాయకు.

గువ్వ

కింది పళ్లు ఉన్నాయా? గట్టివి కొరకకు. ఏదైనా నీళ్లలో నానబెట్టుకుని తిను.


స్త్రీల జైలు,
వెనక వరస గది.

వదినా,

అనే తీరతాను. పిడికిలమ్మ, డెబ్బై దాటింది, ఇంట్లో కూతురు. అయిపోయింది.

చక్కటి ఉత్తరం రాశావు. టీచరమ్మ చదువుతూ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నవ్వాను. ఇంకా రెండు తిట్లు పడాల్సింది, నీకు తిట్టడం ఎన్నాళ్లు నేర్పినా రాలేదు. నీ పెద్దకొడుక్కి నా మాటగా ఒకటి చెప్పు. ఆలుమగల గొడవ అన్నావట నాయనా, నెత్తి మీది చర్మం ఊడొచ్చేదాన్ని గొడవ అంటే, పీకలు కోసేదాన్ని చిలిపితనం అంటావా అని అడిగానని చెప్పు.

ఇక్కడ నిన్న ఒకతి నన్ను 'అల్లుణ్ణి మింగిన అత్త' అంది. అన్నం పళ్లెంతో మూతి మీద కొట్టాను. పెదవి చిట్లింది. తాళాలమ్మ వచ్చి మమ్మల్ని విడదీసింది. ఇప్పుడు నా వంతు నీళ్లు కూడా ఆమే మోస్తోంది. భయమో భక్తో తెలియదు, నీళ్లు మాత్రం వస్తున్నాయి.

అసలు సంగతికి వస్తాను. అధికారి దుప్పటి పట్టుకొచ్చాడు.

నెమ్మదైన మనిషి. నాకు కొడుకుంటే అంత వయసు ఉంటాడు. దుప్పటి బల్ల మీద పెట్టి, "అవ్వా, ఇది ఎలా దొరికిందో తెలుసా" అన్నాడు. చూశాను. తొట్టె గట్టు మీద, నెత్తురు మరకతో సహా, మడత పెట్టి ఉందట. మన మడత వదినా. ముందు నిలువుగా, మళ్లీ నిలువుగా, ఆ పైన మూలకి మూల, అంచుకి అంచు, ఆసుపత్రి గుర్తు పైకి కనబడేట్టు. శవం పక్కన పడి ఉంది, పిల్ల మూలుగుతోంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ముప్పై ఏళ్లు పిండగానే మడిచిన చేతులు. నాకు మడిచినట్టే గుర్తులేదు.

"ఇంత పొడుగు దుప్పటి, అందులోనూ తడిది. ఒక్కదానివే ఇలా మడిచి చూపించు" అన్నాడు. బకెట్టు నీళ్లు తెప్పించి దాన్ని తడిపించాడు కూడా. గడ్డం కింద నొక్కి పెట్టి మడిచాను. కింది అంచు గచ్చు మీద ఈడ్చుకుపోయి నల్లబడింది. మళ్లీ ఉతికించి మళ్లీ ఇచ్చాడు. భుజం మీద వేసుకుని చూశాను, పళ్లతో పట్టుకుని చూశాను. పట్టుకునే పళ్లే లేవు. మూడోసారి దాన్ని ఆయన మొహాన కొట్టాను.

ఆయన తుడుచుకున్నాడు. "దొరికినదాని అంచుకి మట్టి చుక్క లేదు. రెండో కొన ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు.

తోటలో ఎవరో ఆడమనిషి అన్నాను. నిప్పంటుకున్నప్పుడు బిందె అందించినవాళ్లని ఊరూ పేరూ అడుగుతామా అన్నాను. దారిన పోయే ఆడమనిషికి లాండ్రీ మడత ఎవరు నేర్పారు అన్నాడు.

ఉత్తరం చదివే గేటు ఆవిడా, నువ్వూ విను. ఆయనకీ చెప్పు. దుప్పటి పిండటం ఇద్దరి పని అని ఒప్పుకుంటాను. ఎదురెదురుగా నిలబడి ఎవరి కుడికి వాళ్లు తిప్పుతారు. కానీ పిలుపు ఒకరిదే. ఇద్దరిలో పెద్దది 'చాలు' అంటుంది, అప్పుడే ఇద్దరూ ఒక్కసారిగా సడలిస్తారు. పిలుపు రాకుండా చిన్నది వదలకూడదు. వదిలితే తడి దుప్పటి పామై లేచి ఎదుటిదాని కన్ను పొడుస్తుంది. మా లాండ్రీలో ఒకతికి అలాగే కన్ను పోయింది. అందుకని ఎంత నొప్పి పుట్టినా, వేళ్లు చిట్లినా, పిలుపు వచ్చేదాకా చిన్నది పట్టుకునే ఉంటుంది. అది ఆమె ఇష్టం కాదు, పని కట్టుబాటు.

ఆ రోజు పిలుపు నాది. నేను పిలవలేదు. వాడు చచ్చేదాకా కావాలనే పిలవలేదు. అవతల కొన పట్టుకున్నది ఎవరైనా కానీ, ఆమె పిలుపు కోసం ఎదురుచూసింది, అంతే. నేరం పిలవనిదానిది. ఇదే నా వాంగ్మూలం.

ఎవరి ముందు ఏ మాట మాట్లాడినా, నీ చేతులు కొంగు కింద పెట్టుకో.

పిడికిలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: టీచరమ్మ, తాళాలమ్మ.


నీ ఇల్లు,
వంటగది గుమ్మం.

వదినా,

ఇది ఎవరూ పక్కన నిలబడకుండా రాస్తున్నాను. పెద్దవాడి ఇంటినుంచి వచ్చేశాను. నీ కూతురు నీ మంచం మీద ఉంది, నేను కింద పడుకుంటున్నాను. తలకి కొత్త చర్మం వస్తోంది, దురద పెడుతోందని నన్ను తిడుతోంది. తిట్లు అచ్చంగా నీవే. కాబట్టి బాగుపడుతున్నట్టే.

ఎందుకు వచ్చేశానో చెబుతాను. నీ ఉత్తరం పెద్దవాడు చదివాడు. భోజనం దగ్గర నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. నేను అన్నం కలుపుతున్నంతసేపూ చూశాడు. తర్వాత మనవరాలు ఎత్తుకోమని వస్తే, లేచి దాన్ని తీసుకుని, "అమ్మా, నువ్వు పిల్లల్ని ఎత్తుకోకు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అప్పుడే చేతిసంచి సర్దుకున్నాను.

ఈ ఉత్తరం నీకు చేరేముందు ఎవరెవరు చదువుతారో తెలుసు. తెలిసే రాస్తున్నాను.

నేను ముళ్లమొక్కల గదిలో లేను. దుప్పటి రెండో కొన నా చేతిలో ఉంది. మనిద్దరం కలిసే లోపలికి వెళ్లాం. నీ పళ్లు రాలినప్పుడు నీ నెత్తురు నా మీద పడింది. పొడుగు దుప్పట్లని ఇనపస్తంభానికి చుట్టి పిండేవాళ్లం చూడు, అలాగే వాడి మెడకి చుట్టాం. నువ్వు అటు దాటావు, నేను ఇటు దాటాను. ఒక్క మాట అనుకోలేదు.

ఇందాకటిదాకా రాసింది నీకూ తెలుసు. ఇక రాసేది కూడా తెలుసు, కానీ నాకు తెలియదనుకుంటున్నావు.

నువ్వు పిలిచావు. పళ్లు లేని నోట్లోంచి గాలి ఎక్కువగా వచ్చింది కానీ, స్పష్టంగానే 'చాలు' అన్నావు. అప్పటికి వాడి చెయ్యి జుట్టు వదిలింది. పిల్ల తల పైకి తేలింది. అది నేను చూశాను. నువ్వు మళ్లీ అన్నావు. నేను విన్నాను.

వాడు తల వెనక్కి వాల్చి నన్ను చూశాడు. ఆ చూపు చిన్నప్పటినుంచీ చూశాను వదినా. పక్కింటి కుక్కపిల్ల కాలు తలుపు సందులో పెట్టి నొక్కినప్పుడు నేను వాడి చెవి పట్టుకుని లాగితే ఇలాగే చూశాడు. బతిమాలడు, భయపడడు. ఇప్పుడు వదిలెయ్, తర్వాత నేను చూసుకుంటాను అంటాడు ఆ చూపుతో. మర్నాడు ఆ కుక్కపిల్ల బావిలో దొరికింది. ఆ 'తర్వాత' అనే రోజు నాకు కళ్లకి కట్టినట్టు కనబడింది. నా కుడికి నేను తిప్పాను. ఇంకా తిప్పాను. వాణ్ణి ఎత్తుకుని జోకొట్టిన చేతులే. వాడి చెవి వెనక పుట్టుమచ్చ కనబడుతూనే ఉంది.

నువ్వు పిలవలేదని రాయించావు. నన్ను కాపాడటానికే కదా. పనిలో చేరినప్పటినుంచీ బరువు మూటలు నువ్వే ఎత్తుకునేదానివి, తేలికవి నాకు వదిలేదానివి. ఇది వదలకు. నా కొడుకు చావు నాది. కన్నది నేను, చంపింది నేను. దాన్ని కూడా నువ్వు ఎత్తుకుపోతే నాకేం మిగిలింది? వాడి కోసం ఏడవాలంటే నీ దగ్గర అడిగి తెచ్చుకోవాలా?

అధికారి దగ్గరికి పోతున్నాను.

గువ్వ


స్త్రీల జైలు.

గువ్వా,

పోవద్దు. పేరూ వయసూ పాత ఉత్తరాల్లో ఉన్నాయి, కావలసినవాళ్లు వెతుక్కోండి.

నీకు మతి చలించిందని చెబుతాను. ఆ ఉత్తరం ఎవరో దొంగరాత రాశారని చెబుతాను. నీ కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టమని ఇస్త్రీ అక్కకి కబురు పంపుతున్నాను, అది చెయ్యగలదు కూడా. ఇద్దరం లోపలుంటే పిల్లకి ఎవరు? దాన్ని బతికించడానికే కదా ఇంత చేసింది. నేను కోటలా నిలబడితే నువ్వు వెనక తలుపు తీసి రండి బాబూ అంటావా?

పోయినదాన్ని ఎలాగూ ఆపలేను. నోరు మూసుకునైనా కూర్చో.

వేలిముద్ర. సాక్షులు ఎప్పటివాళ్లే.


నీ ఇల్లు.

వదినా,

నీ ఉత్తరం అందేసరికి పోయి వచ్చాను.

ఆయన దుప్పటి తెచ్చి బల్ల మీద పరిచాడు. ఇస్త్రీ అక్క నాతో వచ్చింది. నా కాళ్లు విరగ్గొట్టలేదు, రిక్షాలో పక్కన కూర్చుని దారి పొడుగునా గొణిగింది. నువ్వొక కొన పట్టు అక్కా అన్నాను. ఇద్దరం మడిచి ఆయన చేతిలో పెట్టాం. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, కూర్చోండమ్మా అన్నాడు. అంతా చెప్పాను. నీ పిలుపు దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"ఆవిడ పిలవలేదంటోంది, మీరు పిలిచిందంటున్నారు. ఇద్దరిలో ఒకరిదే నిజం. ఆవిడ మాటే నిలిస్తే మిమ్మల్ని పంపించెయ్యొచ్చు. మీ మాట నిలిస్తే ఇద్దరూ లోపలే" అన్నాడు. గురువారం దాకా గడువిచ్చాడు. ఆ లోపు నువ్వు మళ్లీ వాంగ్మూలం ఇవ్వాలట.

నీ కూతురికి అంతా చెప్పాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, "అత్తా, నువ్వు కూడా పోతే నాకెవరు" అంది. దాని తలకట్టు సర్దబోయాను. అదే మళ్లీ ఇటు తిరిగి అంది: "కానీ పోకపోతే నువ్వు నా మొహం చూడలేవు. నీళ్లలోంచి నేను పైకి వచ్చినప్పుడు నాకు కనబడ్డది నీ మొహమే." దానికి స్పృహ ఉంది వదినా. అది చూసింది. ఇన్నాళ్లూ మనిద్దరి కోసం అది కూడా దాచింది.

ఇస్త్రీ అక్క తన పెట్టె తెచ్చుకుని నీ ముందుగదిలో పెట్టేసింది. పిల్లని నేను చూసుకుంటాను అంది. అది గురక పెడుతుంది, పిల్లకి ముందే చెప్పాను.

నువ్వు అబద్ధం చెబితే నన్ను వదిలేస్తారు. వదిలేస్తే బతికినంతకాలం చేతులు కొంగు కింద పెట్టుకునే తిరగాలి. నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

గువ్వ


స్త్రీల జైలు,
వెనక వరస గది.

వదినా,

ఇది నీకు ఉత్తరం, అధికారికి వాంగ్మూలం. రెండు ప్రతులు రాయించాను, టీచరమ్మ వేళ్లు నొప్పంటోంది.

నన్ను పిడికిలమ్మ అంటారు. డెబ్బై దాటిన మనిషిని. ఆసుపత్రి లాండ్రీలో పిండే వరసలో పెద్దదాన్ని. నా ఇంట్లో ఇప్పుడు నా కూతురూ, ఇస్త్రీ అక్కా. లోగడ నేను చెప్పిన రెండు వాంగ్మూలాలూ అబద్ధం. వాటికి వేరే శిక్ష ఉంటే అదీ వెయ్యండి.

రెండు రోజులు గోడకేసి తల కొట్టుకున్నాను. నుదురు బొప్పి కట్టింది. నిన్ను నానా తిట్లూ తిట్టాను, టీచరమ్మ చెవులు మూసుకుంది. నిన్న మధ్యాహ్నం తాళాలమ్మ ఆరేసిన దుప్పట్లు తీస్తూ ఒక కొన నాకు అందించింది, మడుద్దాం రా అవ్వా అని. పట్టుకున్నాను. ఆమె తన కొన ఎలా పట్టుకుందో చూడకుండానే నా చేతికి తెలిసింది. వదులుగా పట్టుకుంది, పని రానిది. ఆ రోజు నా చేతికి ఏం తెలిసిందో చెప్పక తప్పదనిపించింది.

నేను 'చాలు' అన్నాను. రెండుసార్లు అన్నాను. నా వదిన చెప్పింది నిజం.

కానీ ఆమెకి తెలియనిది ఒకటుంది, అధికారిగారూ. వదినా, నువ్వూ విను.

మొదటిసారి అన్నాక నా కొన సడలించాను. నీ కొన సడలలేదు. వినబడలేదేమో అనుకున్నాను. రెండోసారి అన్నాను. అప్పుడు నీ వైపు బిగువు పెరిగింది. దుప్పటి గుండా మనిషి మనసు తెలుస్తుంది, ముప్పై ఏళ్లు ఒకే జంటగా పిండాం. నీకు వినబడింది. విని బిగిస్తున్నావు. నేను వదిలేస్తే ఆ దుప్పటి జారిపోయేది, వాడు బతికేవాడు. లేచి ముందు నీ మీద పడేవాడు. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు నాకు ఎంచుకునే వీలు దొరికింది. వాడి మొహం వైపు చూడలేదు, నీ మొహం చూశాను. నీకు అప్పుడు కళ్లు లేవు వదినా, రెండు గుంటలున్నాయి. నేను వదిలేస్తే ఆ కొన పట్టుకుని నువ్వు ఒక్కదానివే అక్కడ నిలబడి ఉంటావని అనిపించింది. సడలించిన పిడికిలి మళ్లీ బిగించాను. నా కుడికి నేను తిప్పాను. వాడి గొంతులో ఎముక విరిగింది నా తిప్పుడికే. ఆ చప్పుడు నా చేతిలోనే పుట్టింది.

కాబట్టి పిలిచింది నేనే, పిలిచి మళ్లీ తిప్పిందీ నేనే. కట్టుబాటు ఇద్దరం తప్పాం.

నీ కొడుకు చావు నీదంటున్నావు. సరే, తీసుకో. ఏడవడానికి నన్నేమీ అడగనక్కర్లేదు. కానీ మొత్తం తీసుకుపోతానంటే ఊరుకోను, సగం నాది. ఈ సగం కోసం నువ్వు వచ్చి కొట్టుకున్నా ఇవ్వను.

గురువారం వస్తావట. తాళాలమ్మతో మాట్లాడాను, కొంచెం గొంతు పెంచే మాట్లాడాను. నా చాప పక్కన చోటు ఖాళీ అయింది, టీచరమ్మ కిటికీ వైపు జరిగింది. ఉన్ని చొక్కా తెచ్చుకో, గచ్చు చల్లగా ఉంటుంది. వచ్చేటప్పుడు పిల్ల ముందు ఏడవకు. అది ఏడిస్తే ఏడవనీ.

కింద సాక్షుల దగ్గర ఒక గీత ఖాళీగా ఉంచాం. ఇద్దరు చాలని గేటు ఆవిడ అంటోంది. చాలదన్నాను.

పిడికిలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
టీచరమ్మ, రాసినది.
తాళాలమ్మ, విన్నది.
గువ్వ, వచ్చాక.